చప్పుడు లేని ఈల

కుక్కర్ రెండో విజిల్‌కీ మూడో విజిల్‌కీ మధ్యలో మా ఇంటికి ఉద్యోగం వచ్చింది.

నేను వంటగది గడప మీద కూర్చుని ఫోన్‌లో రైల్వే వాళ్ళ జాబితాను వేలితో పైకి తోస్తున్నాను. పేజీలకు పేజీలు అంకెలే. మా ఆయన నంబరు నాకు నా సొంత ఫోన్ నంబరు కంటే బాగా వచ్చు. ఆ అంకెలు వరసగా, ఒక్కటీ తప్పకుండా కనిపించేసరికి కేకేశాను.

"బావా! ఉంది! నీ నంబరుంది!"

కాలేబు గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. నా మాట విన్నాడు. కానీ కళ్ళు కుక్కర్ మీదే ఉన్నాయి. మూడో విజిల్ వచ్చింది. అప్పుడు "హూ" అని పెద్ద ఊపిరి వదిలి, ఒక్క అంగలో వచ్చి, నన్ను గడప మీద నుంచి ఎత్తి గిర్రున తిప్పాడు.

"పప్పు ఉడికేదాకా ఉద్యోగాన్ని వీధిలో నిలబెట్టావేంది?" అన్నాను గాల్లోనే.

తనూ నవ్వాడు. ఎందుకు ఆగాడో నేను అడగలేదు. పెళ్ళయి పదకొండు వారాలైన పిల్లకి, అందులోనూ గాల్లో ఉన్న పిల్లకి, ప్రశ్నలు తోచవు.

మా అత్తమ్మ రూతమ్మ పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, విషయం విని, అక్కడే మోకరించి దేవుడికి రెండు ముక్కల్లో స్తోత్రం చెప్పి లేచింది. "ఇంక దాన్ని దించరా. పప్పు మాడతంది."

రైలు పట్టాల మీద పని. రాత పరీక్ష అయిపోయింది. బరువు మోస్తూ నడిచే పరీక్ష కూడా అయిపోయింది. ఆరేళ్ళుగా క్వారీలో రాళ్ళెత్తిన మనిషికి ఆ బస్తా ఒక లెక్క కాదు. మిగిలింది డాక్టరు పరీక్ష ఒక్కటే. మా ముగ్గురిలో ఎవరికీ దాని గురించి భయం లేదు. కాలేబుకి ఇరవై ఎనిమిదేళ్ళు. తల తగలకుండా మా గుమ్మం దాటలేడు.

మా ఊరు నడికుడికి దగ్గర. ఇంటి వెనక చెలక, చెలక వెనక సున్నపురాయి క్వారీ. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ రాయి పేలుస్తారు. ముందు రెండు పొట్టి ఈలలు వినిపిస్తాయి. అంటే అందరూ రేకుల షెడ్డులోకి వెళ్ళిపోవాలని. తర్వాత పేలుళ్ళు. అన్నీ అయిపోయాక ఒక పొడుగు ఈల. అంటే ఎవరికీ ఏమీ కాలేదని. మా వీధిలో ఆడవాళ్ళు ఆ పొడుగు ఈల వినపడ్డాకే అన్నం వారుస్తారు. అంతకు ముందు వారిస్తే అరిష్టమని కాదు, చెయ్యి ఆడదు, అంతే. నేను నరసరావుపేటలో డిగ్రీ చదివిన దాన్ని, మొదటి వారం దీన్ని చూసి నవ్వుకున్నాను. రెండో వారానికి నా చెయ్యి కూడా గిన్నె మూత మీద ఆగిపోయింది. ఎందుకంటే ఆ ఈల ఊదేది మా ఆయనే.

డాక్టరు పరీక్ష గుంటూరులో. నేనూ వెంట వెళ్ళాను. కొత్త చీర కట్టుకుని, బాక్సులో పులిహోర పెట్టుకుని, పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళాను. కాలేబు బయటికి వచ్చేసరికి ముఖం సున్నం కొట్టినట్టుంది.

"బీపీ నూట అరవై ఎనిమిది అంట. కింద నూట నాలుగు. మూడుసార్లు చూశారు. నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. అప్పుడూ ఇట్టాగే ఉంటే ఇంక పనికిరావన్నారు."

పులిహోర బాక్సు తెరవకుండానే ఇంటికి వచ్చింది.

మర్నాడు ప్రభుత్వాసుపత్రిలో చూపించాం. గుండె బాగుంది, కిడ్నీలు బాగున్నాయి. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి కాలేబు భుజం మీద వేలితో తట్టింది, బల్ల మీద తట్టినట్టు చప్పుడైంది. "ఒంట్లో ఇంత బిగువేంటయ్యా? ఉప్పు తగ్గించు, నడువు, నిద్రపో. ముందు ఊపిరి వదలడం నేర్చుకో. మూడు వారాలు చూసి, దిగకపోతే మాత్ర మొదలుపెడదాం."

ఆ రాత్రి గమనించాను. నిద్రలో తన రెండు పిడికిళ్ళూ బిగిసి ఉన్నాయి. పళ్ళు పటపటమంటున్నాయి. ఇన్ని వారాలుగా పక్కన పడుకుని నేను చూసిందల్లా ఆ పొడుగాటి కనురెప్పలేనా అని నామీద నాకే కోపం వచ్చింది. తెల్లారి కొత్త నోట్‌బుక్ తీసి మొదటి పేజీలో 'ముప్పై రోజులు' అని రాసి కింద రెండు గీతలు కొట్టాను.

కాలేజీలో మా గేమ్స్ మేడం ఇష్రత్ గారు పరుగు పందేలకు ముందు మాకు ఊపిరి కసరత్తు చేయించేవారు. నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చాలి, నాలుగు లెక్కపెట్టేదాకా ఆపాలి, నాలుగు లెక్కపెట్టేదాకా వదలాలి. నా చేతులు వణకడం దాంతోనే తగ్గేది. అందుకని తెల్లవారుజామున పెరట్లో చాప పరిచి, కాలేబును పడుకోబెట్టి, నేను పక్కన కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

అత్తమ్మ చీపురు పట్టుకుని వచ్చి చూసింది. "ఇది యోగా కిందికొచ్చిద్దా, ప్రార్థన కిందికొచ్చిద్దా?"

"నిద్ర కిందికొస్తుంది అత్తమ్మా."

"అయితే సరే. మీ మామకీ నిద్దర పట్టేది కాదు, దాంతోనే పోయాడు" అని చాప చుట్టూ ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

ఈలోగా కాలేబు మేస్త్రీని అడిగి ఆ నెలకు పేలుడు పని మానుకుని లోడింగులోకి మారాడు. ఈల ఊదే పని పక్కింటి జావీద్ అన్నకు ఇచ్చారు. అన్నకు కొత్త ఈల కొన్నారు. పాతది మా గోడ మేకుకు వేలాడుతోంది.

వారం రోజులు ఒక్క పూట కూడా తప్పలేదు. ఉప్పు లేని కూర తిని కాలేబు "బాగుంది" అన్నాడు. అంతకంటే పెద్ద ప్రేమ మాట నేను వినలేదు. ఎనిమిదో రోజు నడికుడిలో రఫీక్ భాయ్ మందుల షాపుకి వెళ్ళి బీపీ చూపించాం. రఫీక్ భాయ్ పట్టీ విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ చూశాడు.

"నూట డెబ్బై రెండు."

"మిషన్ సరిగ్గా ఉందా భాయ్?" అన్నాను.

"మిషన్ బాగానే ఉందమ్మా. ఏం చేయిస్తన్నావ్ మావాడితో?"

చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. ఇంటికొచ్చాక అత్తమ్మ ఆ మాత్రం కూడా ఆగలేదు. "బాగుందే నీ ఊపిరి పాఠం! ఇంకో వారం చెప్పావంటే పెట్టెలో పెట్టి పంపిస్తావ్."

ఏడుపొచ్చింది. కానీ ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. ఏడ్చే పని ముప్పై ఒకటో రోజుకు పెట్టుకుని నోట్‌బుక్‌లో నూట డెబ్బై రెండు అని రాశాను.

ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చి కోడికూర పెట్టాను. కుక్కర్ ఎక్కింది. అత్తమ్మ ముందు గదిలో ఉంది. కొత్తకాపురంలో అలాంటి అవకాశాన్ని ఎవరూ వదులుకోరు, నేను వెనకగా వెళ్ళి కాలేబు వీపుకు చెంప ఆనించి నిలబడ్డాను. మొదటి విజిల్ వచ్చింది. వీపు బిగిసింది. రెండో విజిల్ వచ్చింది. నా చెంప కింద ఏమీ కదలడం లేదు. గోడకు ఆనుకున్నట్టుంది. మూడో విజిల్ వచ్చింది. అప్పుడు వీపంతా ఒక్కసారి కిందికి దిగి, "హూ" అని గాలి బయటికి వచ్చింది.

ఉద్యోగం వచ్చిన రోజు గుర్తొచ్చింది. స్టవ్ కట్టేసి, తనను ఇటు తిప్పి అడిగాను. "బావా, విజిళ్ళు లెక్కపెడుతున్నావా?"

"అందరూ పెట్టేదే గదా."

"అందరూ ఊపిరి బిగబట్టరు."

నా చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత గడప మీద కూర్చుని చెప్పాడు. చెబుతున్నంతసేపూ నా గాజులు తిప్పుతూనే ఉన్నాడు.

"మూడేళ్ళ కిందట. పన్నెండు గుంతల్లో మందు పెట్టి వత్తులంటించి షెడ్డులోకి పోయాం. లెక్కపెట్టేది నేనే. పదకొండు పేలినయ్. పన్నెండోది రాలా. జావీద్ అన్న, అన్నీ అయిపోయినయ్ లేరా, నువ్వే లెక్క తప్పావ్ అని లేచి బయటికి అడుగేశాడు. చొక్కా పట్టుకుని లాగేశా. ఇద్దరం యెల్లకిలా పడ్డాం. అప్పుడు పేలింది." కాస్త ఆగాడు. "ఆ తర్వాత నుంచి ఏదన్నా లెక్క వినపడితే ఒళ్ళు దానంతటదే ఆగిపోయిద్ది. కుక్కరైనా, గుడి గంటైనా. డాక్టరు ఆ రబ్బరు బుడ్డి నొక్కుతా ఉంటే అది కూడా లెక్కే గదా."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. అలాంటి మనిషిని తెల్లవారుజామున చాప మీద పడుకోబెట్టి, పక్కన కూర్చుని, ఒకటి రెండు మూడు నాలుగు అని వారం రోజులు లెక్కపెట్టాను. నాలుగు తర్వాత ఏం పేలుతుందోనని ఆ ఒళ్ళు రోజూ ఎదురుచూసింది. నేనేమో బాగా చేస్తున్నావని మెచ్చుకున్నాను.

"లెక్క అయిపోయాక ఏం చేసేవాడివి?" అన్నాను.

"ఈల ఊదేవాణ్ణి. పొడుగుది. ఊపిరి మొత్తం అయిపోయిందాకా. ఆనక హాజరు పిలిచేవాణ్ణి. పేరు పేరునా. వచ్చా, వచ్చా అని అందరూ పలికాక టీ తాగేవాళ్ళం. ఆ టీ ఎంత బాగుండేదో తెలుసా!"

ఆ మాట చెబుతుంటే తన భుజాలు రెండు అంగుళాలు కిందికి దిగాయి. నా కళ్ళతో చూశాను. ఇష్రత్ మేడం పాఠాన్ని పక్కన పెట్టాను. మా ఆయన ఒంటికి తెలిసిన పాఠం ఒకటి ఉంది. అది గోడ మేకుకు వేలాడుతోంది.

మంగళవారం తను లోడింగు నుంచి పదకొండింటికే వచ్చాడు. ఈల తీసి కొంగుతో తుడిచి చేతిలో పెట్టాను. "ఊదు బావా. ఊపిరి అయిపోయేదాకా."

ఊదాడు. అబ్బ, ఎంత పొడుగు ఈల! చివరికి వచ్చేసరికి ముఖంలో గీతలన్నీ సర్దుకున్నాయి. మళ్ళీ ఊదమన్నాను. మళ్ళీ ఊదాడు. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

ఒంటిగంటకు క్వారీ పేలింది. మా వీధిలో కేకలు లేచాయి. ఐదు నిమిషాల్లో పక్కింటి అబిదక్క గరిటెతో సహా మా పెరట్లో ఉంది. జావీద్ అన్న భార్య. వెనకాల ఇంకో నలుగురు.

"ఏందిరా కాలేబూ! పదకొండున్నరకే ఈల ఊదింది నువ్వా? పేలుళ్ళు మా చెవిన పడలేదేమో, ఇయ్యాల ముందే అయిపోయిందనుకుని అన్నం వార్చి కూర్చున్నాం. మాటల్లో పడి పొట్టి ఈలలు ఇనలా, మళ్ళీ ఢామ్మని పేలేసరికి నా ప్రాణం పోయింది. ఏదో మిగిలిపోయి పేలింది, మా ఆయన దాని మీదే ఉన్నాడనుకున్నా!"

కాలేబు ముఖం పాలిపోయింది. ఈల మేకుకు తగిలించి, అక్క ముందు తల వంచుకుని నిలబడ్డాడు. "తప్పయిందక్కా. ఆ చప్పుడు ఉత్తగా ఊదకూడదు. ఇంకెప్పుడూ ఊదను."

నేను అడ్డం వచ్చి, తప్పు నాదని, బీపీ సంగతంతా చెప్పాను. అబిదక్క కళ్ళు తుడుచుకుని, గరిటె వంక చూసుకుని, ఒక్కసారి నవ్వేసింది.

"ఊదుకోనియ్యవే, ఎవరొద్దన్నారు? చప్పుడు లేకుండా ఊదుకోండి."

ఆ రోజే నోట్‌బుక్‌లో కొత్త పేజీ మొదలైంది.

తెల్లవారుజామున కాలేబు చాప మీద పడుకుంటాడు. పెదాలు ఈల పట్టుకున్నట్టు సున్నాలా చుడతాడు. గాలిని సన్నగా, పొడుగ్గా, చప్పుడు లేకుండా, లోపలేమీ మిగలకుండా వదులుతాడు. లెక్క లేదు. ఎంతసేపు వదలాలనిపిస్తే అంతసేపు. పీల్చుకోవడం దానంతటదే జరుగుతుంది. తర్వాత హాజరు. పిలిచేది నేను.

"ఎడం పాదం!"

ఆ పాదాన్ని గట్టిగా బిగించి, ఒక్కసారి వదిలేసి, "వచ్చా" అంటాడు.

"కుడి పిక్క!" "వచ్చా." "పిడికిళ్ళు!" ఇవి మాత్రం మొండివి. మూడుసార్లు పిలిస్తే గాని రావు. దవడ అయితే మొదటి నాలుగు రోజులు అసలు హాజరే కాలేదు. ఐదో రోజు దవడ కిందికి జారి, నోరు కాస్త తెరుచుకుని, తను అక్కడే నిద్రపోయాడు. పెరట్లో, ఎండ ముఖం మీద పడుతుండగా, ఎనిమిదింటిదాకా. నేను గొడుగు తెచ్చి పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి లాగేసినా కదల్లేదు.

పదో రోజుకి అత్తమ్మ ఇంకో చాప తెచ్చుకుని పక్కన పడుకుంది. "నాకూ పిలువు."

"మోకాలు!"

"అది పలికి పదేళ్ళయింది. తర్వాతది పిలువు."

కాలేబు నవ్వి నవ్వి లేచి కూర్చున్నాడు. "నవ్వొద్దురా, హాజరు పోయిద్ది" అని అత్తమ్మ కసిరింది. అంతలోనే సన్నగా గురక పెట్టింది.

రఫీక్ భాయ్ దగ్గర అంకెలు దిగుతూ వచ్చాయి, అన్ని రోజులూ కాదు. ఒకరోజు నూట యాభై రెండు, ఆ తర్వాత మేస్త్రీతో గొడవపడి వచ్చిన రోజు మళ్ళీ నూట అరవై. ఆ అరవైని కూడా రాశాను. అప్పుడే ఒక సంగతి పట్టుకున్నాను. బుడ్డి నొక్కుతున్నప్పుడు కాలేబు చూపు ఆ చేతి మీదే ఉంటోంది. అందుకని నొక్కడం మొదలవగానే కళ్ళు మూసుకుని, పాదాల నుంచి హాజరు పిలుచుకోమన్నాను. మొదటిసారి రఫీక్ భాయ్ భయపడ్డాడు. "ఏందమ్మా, పడిపోయాడా?" పడిపోలేదు. నూట నలభై నాలుగు. మూడు వారాలకు డాక్టరమ్మ నా నోట్‌బుక్ అంతా తిప్పి చూసి, మాత్ర రాయకుండానే పంపింది. "ఇదే కొనసాగించండి" అంది. ఆ మాట కింద కూడా రెండు గీతలు కొట్టాను.

ముప్పయ్యో రోజు, అంటే నిన్న, మళ్ళీ గుంటూరు.

నన్ను లోపలికి రానివ్వలేదు. బయట బల్ల మీద కూర్చున్నాను. లోపల ఎక్కడో స్టీలు ట్రే ఒకటి ఖంగుమని కింద పడింది. తలుపు వంక చూశాను. సరిగ్గా ఇప్పుడే పడాలా? కాలేబు ఒళ్ళు ఆగిపోయి ఉంటుంది, ముప్పై రోజులూ పోయాయి అనుకున్నాను. కాసేపటికి చూసుకుంటే ఊపిరి బిగబట్టి కూర్చున్నది నేను. పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదిలాను. నా పాదాల్ని నేనే పిలుచుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన నా వంక అనుమానంగా చూసి కాస్త జరిగాడు.

తలుపు తెరుచుకుంది. కాలేబు గుమ్మానికి తల కొట్టుకుని, రుద్దుకుంటూ వచ్చాడు.

"నూట ముప్పై నాలుగు. కింద ఎనభై ఆరు. ఫిట్ అన్నారు."

"ట్రే పడింది కదా!"

"పడింది. ఉలిక్కిపడ్డా. తర్వాత పిడికిళ్ళని పిలిచా. వచ్చినయ్."

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. మిరపకాయ బజ్జీ ఒక్కటే కొనుక్కుని చెరిసగం తిన్నాం, ఉప్పు ఎక్కువని. నడికుడి వచ్చేదాకా కాలేబు అరచెయ్యి తెరుచుకుని నా ఒడిలో ఉంది. ఆ తెరిచిన చెయ్యి కంటే అందమైనది నేను గుంటూరులో గానీ నరసరావుపేటలో గానీ చూడలేదు.

ఈ సాయంత్రం జావీద్ అన్న, అబిదక్క సేమియా పట్టుకుని వచ్చారు. అన్న కాలేబును గట్టిగా పట్టుకుని, వదిలి, గోడ మేకుకున్న ఈల వంక చూశాడు.

"నువ్వు పట్టాల మీదికి పోతన్నావ్. మంచిదేరా. ఈ నెల్రోజులూ లెక్క నేనే పెడతన్నా." టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ పన్నెండోది నాకు గూడా వినపడతంది కాలేబూ. పడుకుంటే వినపడతంది. ఎవరితో చెప్పుకోను?"

అబిదక్క ఆయన వంక తిరిగి చూసింది. ఆమెకు కూడా ఆ మాట కొత్తేనని ముఖం చెప్పింది.

కాలేబు నన్ను చూశాడు. నేను అప్పటికే నోట్‌బుక్ తీశాను. కొత్త పేజీలో జావీద్ అన్న పేరు రాసి కింద రెండు గీతలు కొట్టాను.

"ఉద్యోగంలో చేరడానికి ఇంకా టైముందన్నా" అన్నాడు కాలేబు. "రేపు నేనూ వస్తా. ఒంటిగంటకు పేలుడు అయిపోయి, నువ్వు పొడుగు ఈల ఊది, మనుషుల హాజరు పిలిచాక, ఎవరూ షెడ్డులోంచి కదలొద్దు. టీ కూడా తాగొద్దు. అందరినీ అక్కడే పడుకోబెడతా. ఇంకో హాజరు ఉంది, అది నేను పిలుస్తా."

"చాపలు నేను తెస్తాను. ఎంతమంది?" అన్నాను.

"తొమ్మిదిమంది."

"రాళ్ళు మోసే మొగోళ్ళు చాపల మీద పడుకుంటారంటనా?" అంది అబిదక్క, నవ్వాలో ఏడవాలో తెలియక.

"పడుకుంటారు, మోకాలున్నోళ్ళందరూ పడుకుంటారు" అని అత్తమ్మ లేచింది. గోడ దగ్గరికి వెళ్ళి, చెంగు బిగించి, వీధి మొత్తానికి వినపడేటట్టు కేకేసింది.

"ఏమే, అందరూ ఇనండి! రేపు పొడుగు ఈల వినపడంగానే అన్నం వార్చబాకండి. పావుగంట ఆగి వార్చండి!"